గంగాధరప్ప ఖాళీ చెయ్యని చెత్తబుట్ట

ధర్మవరంలో పట్టుచీరలు నేసే వీధుల్లోకి పోయి గంగాధరప్ప ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ ఇంటి నంబరు చెప్పరు. "అట్టలు కొట్టే చప్పుడు యాడ వినపడితే ఆడికి పో" అంటారు. చీర అంచులో పూలూ తీగలూ రావాలంటే మగ్గం నెత్తిన జకార్డు పెట్టె ఉండాలి, ఆ పెట్టెకు బెజ్జాలు కొట్టిన అట్టల దండ వేలాడాలి. బెజ్జాన్నిబట్టి పోగు లేస్తుంది, పోగునుబట్టి పూవు వస్తుంది. కాగితం మీద గళ్ళు గీసి అంచు వెయ్యడం, ఆ గళ్ళనుబట్టి అట్టలకు బెజ్జాలు కొట్టడం గంగాధరప్ప పని. అరవై దాటినా అదే పని. చీర కట్టుకున్న మనిషికి నేసినవాడి పేరే తెలియదు, ఇక అట్టలు కొట్టినవాడి పేరు ఎవరికి కావాలి? దానికి ఆయన ఏనాడూ బాధపడలేదు. కాకపోతే పెళ్ళిళ్ళకు పోయినప్పుడు విస్తరి మీద కన్నా ఆడవాళ్ళ చీరల అంచుల మీద ఎక్కువ చూపు పెడతాడు. "ఏమయ్యా, అట్ల చూడొద్దు, జనం ఏమనుకుంటారు" అని భార్య సుబ్బలక్ష్మమ్మ మోచేత్తో పొడుస్తూనే ఉంటుంది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. గంగాధరప్ప తండ్రి పెట్టిపోయిన పద్ధతి. పాడైపోయిన అట్టలను చెత్తలో వెయ్యకూడదు, పొయ్యిలో పెట్టకూడదు. "వాటి మీద మనిషి చెయ్యి అరిగింది. పారే నీళ్ళల్లో వదలల్ల" అనేవాడట ఆ పెద్దాయన. మాట బాగానే ఉంది. పారే నీళ్ళు ఎక్కడున్నాయి? ఊరి పక్కన చిత్రావతి ఉంది, పేరుకు ఏరే. ఎప్పుడో పైన గట్టివాన పడితే ఎర్రనీళ్ళు వస్తాయి, ఊరంతా ఒడ్డుకు పోయి ఫోన్లలో ఫొటోలు తీసుకుంటుంది, ఇంటికొచ్చి ఆ ఫొటోలు చుట్టాలకు పంపేలోగా మళ్ళీ ఇసుకే. ఏరు బాగా పారిన ఏడాది గంగాధరప్ప జ్వరంతో మంచం పట్టాడు. అందుకని చెదలు తిన్న అట్టలు, చివికిపోయిన అట్టలు, దారం తెగిన అట్టలు అన్నీ మూటలు కట్టి అటక మీద పెట్టాడు. వాటితో ఏ పనీ లేదు, ఎవరూ విప్పి చూడరు. అటక ఏనాడైనా నెత్తిన కూలుతుందని సుబ్బలక్ష్మమ్మ భయం. ఎప్పుడడిగినా ఆయన జవాబు ఒకటే. "ఏరు పారనీ, చూద్దాం."

అలాంటి మనిషి చేతికి కంప్యూటర్ వచ్చింది.

ఆయనంతట ఆయన కోరుకున్నది కాదు. కాగితాల మీద గళ్ళు పూరించి పూరించి కళ్ళు మసకబారుతుంటే, బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే వీరేష్ ఒక పాత మిషను, దాంతో ఒక స్కానరు తెచ్చి పెట్టాడు. మౌసు పట్టుకోవడం నేర్చుకునేలోగా గంగాధరప్ప నోటికి వచ్చిన తిట్లు ఇక్కడ రాయదగినవి కావు. తర్వాత తర్వాత చెయ్యి తిరిగింది. తెర మీద గళ్ళను పెద్దవి చేసి చూసుకుంటూ అంచులు గీయడం మొదలుపెట్టాక, పాత కాగితం గ్రాఫులన్నీ ఒక్కొక్కటీ స్కాన్ చేసి లోపల దాచుకున్నాడు. చెదలు పట్టని అటక దొరికిందని అప్పట్లో ఎంత సంబరపడ్డాడో చెప్పలేను.

ఆ తర్వాత వీరేష్ వచ్చి విండోసు మార్చాడు. పాతది తీసి కొత్తది ఎక్కించాడు. పని అయ్యాక అడిగాడు.

"అన్నా, ఇవి ఇన్‌స్టాలర్ ఫైళ్ళు. వీటితోనే సిస్టం ఎక్కించినా. ఇంగ వీటితో పని లేదు. ఇది పాత విండోసు, దీనితో కూడా పని లేదు. చోటు తింటాయి, తీసేస్తా."

గంగాధరప్ప అతని చెయ్యి పట్టుకున్నాడు. "వీటితోనే ఎక్కించినావా?"

"అవునన్నా."

"అంటే ఇవి దాని అట్టలు. ఏమప్పా వీరేషూ, అట్టలు తీసేస్తే మగ్గం మీద పూవు యాడ నుంచి వస్తాది?"

వీరేష్ ఏదో చెప్పబోయాడు. గంగాధరప్ప వినలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన చూసింది ఒకటే. మగ్గం ఆడుతున్నంతసేపూ నెత్తిన అట్టలు తిరుగుతూ ఉండాలి, దండలో ఒక్క అట్ట జారినా కింద అంచు చెడుతుంది. కంప్యూటర్ మాత్రం ఆకాశం నుంచి ఊడిపడిందా? వీరేష్ కూడా పోట్లాడే రకం కాదు. "నీ ఇష్టమన్నా" అని వాటన్నిటినీ ఒక ఫోల్డరులో పెట్టి, "మూల అట్టలు" అని ఆయన చెప్పిన పేరే దానికి పెట్టి పోయాడు. ఆ తర్వాత విండోసు మార్చిన ప్రతిసారీ అదే తంతు. కొత్త ఇన్‌స్టాలరు, దాంతో పాటు పాత విండోసు మొత్తం, మూటగట్టి మూల అట్టల్లోకి. పండక్కి జకార్డు పెట్టెకు కుంకుమ పెట్టేటప్పుడు గంగాధరప్ప కంప్యూటర్ డబ్బాకు కూడా బొట్టు పెట్టేవాడు.

అలా నడుస్తుండగా ఈ వేసవి మొదట్లో ఒక కొత్త చీర అంచు స్కాన్ చేస్తుంటే, తెర మీద ఒక డబ్బా లేచింది. డిస్కు నిండిపోయింది, దాచడానికి చోటు లేదు. డిస్కు బొమ్మ కింద నీలంగా ఉండే గీత ఎర్రగా మారి ఆ చివరిదాకా పాకింది.

ఏదో ఒకటి తీసెయ్యాలి. మూల అట్టలు ముట్టుకోవడానికి లేదు, కంప్యూటరే పడిపోతుందని ఆయన భయం. పాటలు లేవు, సినిమాలు లేవు. మిగిలినవి అంచులు. తన చేత్తో గీసి, స్కాన్ చేసి దాచుకున్న అంచులు.

గంగాధరప్ప ఆ తెర ముందు చాలాసేపు కూర్చున్నాడు. హంసల వరుస, జొన్నకంకి, రుద్రాక్ష కొమ్మ, వేరుశెనగ బుడ్డల తీగ, ఒక్కో పేరు చదువుతుంటే ఒక్కో మగ్గం గుర్తొచ్చింది, ఆ మగ్గం మీద కూర్చున్న మనిషి గుర్తొచ్చాడు. ఇవన్నీ ఎవరో ఒకరు అడిగి వేయించుకున్నవి, రేపు మళ్ళీ వచ్చి అడగవచ్చు. పరాయివాళ్ళ సొమ్ము ముందు తియ్యడం న్యాయం కాదనిపించింది. ఎవరూ అడగనిది ఒకటే ఉంది. తంగేడు అంచు.

దాని సంగతి చెప్పాలి. పెళ్ళయిన కొత్తల్లో ఇద్దరూ రాప్తాడు దగ్గర చుట్టాలింటికి పోయి, బస్సు తప్పిపోయి, ఎండలో నడుచుకుంటూ వచ్చారు. ఆ ఏడు చుక్క వాన లేదు. చేలు బీళ్ళుపడి ఉన్నాయి. ఆ బీళ్ళలో తంగేడు మాత్రం విరగబూసి ఉంది. సుబ్బలక్ష్మమ్మ ఒక కొమ్మ తుంచి, చెప్పులు చేతబట్టుకుని, ఆ కొమ్మతో మొగుడికి విసురుతూ నడిచింది. ఇంటికి రాగానే గంగాధరప్ప గళ్ళ కాగితం తీశాడు. ఆయన సొంతంగా వేసిన మొదటి అంచు అది. అంతకుముందు వేసినవన్నీ తండ్రి చూపించినవే. స్నేహితుడొకాయన దాంతో చీర నేసి ఇచ్చాడు. ఆ చీర సుబ్బలక్ష్మమ్మ కట్టుకుంటే వీధంతా అడిగింది, మాకూ కావాలని. "ఇది ఎవురికీ ఇయ్యను. ఇది దానిదే" అని గంగాధరప్ప కచ్చితంగా చెప్పేశాడు. ఆ మాట వీధిలో చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్నారు. అట్టలను తర్వాత చెదలు తిన్నాయి, అవి అటక మీది మూటల్లో ఉన్నాయి. గ్రాఫు కాగితం మడతల దగ్గర చినిగిపోతుంటే స్కాన్ చేసి దాచాడు. కాగితం ఆ తర్వాత పొడిపొడిగా రాలిపోయింది.

ఎవరికీ ఇవ్వలేదు కాబట్టి ఎవరూ అడగరు. లెక్క సరిగ్గానే ఉన్నట్టు తోచింది. వంటింట్లో సుబ్బలక్ష్మమ్మ తిరగమోత పెడుతుంటే, ఇవతల గంగాధరప్ప తంగేడు అంచును తీసేశాడు.

గీత కదల్లేదు.

ఇంకొకటి తీశాడు. కదల్లేదు. మర్నాడు జొన్నకంకి తీశాడు, హంసలు తీశాడు, వారం తిరిగేలోగా బుడ్డల తీగ దాకా వచ్చాడు. ఎన్ని తీసినా ఆ ఎర్ర గీత అక్కడే ఉంది. తెర మూల చెత్తబుట్ట బొమ్మ మాత్రం నిండినట్టు కనపడింది, నలిపి పారేసిన కాగితాలతో. దాని మీద నొక్కితే, ఖాళీ చెయ్యమంటావా, శాశ్వతంగా పోతాయి, అని కంప్యూటర్ అడిగింది. గంగాధరప్పకు చెయ్యి రాలేదు. నలిపిన కాగితాలతో ఇక ఏ పనీ జరగదని ఆయన అనుకున్నాడు, అటక మీది చెదల అట్టలతో జరగనట్టే. అయినా వాటి మీద చెయ్యి అరిగింది కదా. ఊడ్చి పారెయ్యడానికి మనసు ఒప్పలేదు. "ఏరు పారనీ, చూద్దాం" అనుకుని వద్దని నొక్కాడు.

ఆ మర్నాడే వచ్చింది రామాంజినమ్మ.

నడివయసు మనిషి, బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, కాళ్ళనిండా దుమ్ము. వాకిట్లో నిలబడి, "అన్నా, అట్టల గంగాధరప్ప నువ్వేనా?" అంది.

"నేనేమ్మా. యాడ నుంచి?"

"విడపనకల్లు పక్క పల్లె." చెంగులోంచి ఒక పట్టు ముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది. "నా పెండ్లి చీర. దండెం మీద ఆరేసి చేనికి పోయినా. వచ్చేలోపల మేక నమిలేసింది. ఈ ముక్క మిగిలింది."

"మేకనేం చేసినావు?"

"ఏం చేస్తాను, సూడి మేకాయె."

లోపల్నుంచి మంచినీళ్ళు తెచ్చిన సుబ్బలక్ష్మమ్మకు నవ్వాగలేదు. రామాంజినమ్మ కూడా నవ్వింది. నీళ్ళు తాగి, అరుగు మీద కూర్చుని, వచ్చిన పని చెప్పింది. వానల్లేక ఎన్నో ఏళ్ళు వేసిన విత్తనం కూడా చేతికి రాలేదు. ఈ ఏడు శెనక్కాయ పండింది.

"పెండ్లయిన కాడ్నుంచి నా కోసరం ఒక్క చీర కొనుక్కున్న పాపాన పోలేదన్నా. ఈ తూరి మా ఆయనే అన్నాడు, పోయి కొనుక్కోమని. అంగట్లో వెయ్యి రకాలు చూపిచ్చినారు. నాకి ఆ చీరే కావల్ల. అంచంతా బుడ్డల తీగ ఉంటుండె. కింద కాయలు, పైన పసుప్పూలు. నేసినాయన పోయినాడంట, అంచు వేసింది నువ్వేనని ఆయన కొడుకు చెప్పినాడు. ఉండాదా అన్నా నీకాడ?"

"ఉండాది తల్లీ. యాడికి పోతాది? కంప్యూటర్లో ఉండాది" అన్నాడు గంగాధరప్ప, గర్వంగానే. కుర్చీ లాక్కుని కూర్చుని, అంచుల ఫోల్డరు తెరిచాడు. బుడ్డల తీగ కోసం కిందికీ పైకీ జరిపాడు. అప్పుడు గుర్తొచ్చింది. నిన్ననే కదా తీసింది. 

చేతిలో ఉన్న ముక్క చూసి లెక్కగట్టి మళ్ళీ వేద్దామంటే, తీగలో సగానికి పైగా మేక కడుపులోకి పోయింది. కాయ ఉంది, పూవు లేదు. ఎంత దూరానికి పూవు వస్తుందో, తీగ ఎటు తిరుగుతుందో చెప్పే ఆధారమే లేదు.

"ఈ పొద్దు కరెంటు సరిగా లేదు తల్లీ. మిషను లేస్తాలేదు. వచ్చే వారం రా" అన్నాడు.

రామాంజినమ్మ తలెత్తి, నెత్తిమీద గిర్రున తిరుగుతున్న ఫ్యానును చూసింది. "సరేన్నా, వస్తా" అని ముక్కను జాగ్రత్తగా మడిచి చెంగులో కట్టుకుని పోయింది. ఆమె కాదు కూడదని ఒక్క మాట అన్నా గంగాధరప్పకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

ఆ పూట ఆయన సగం ముద్ద వదిలేశాడు. సుబ్బలక్ష్మమ్మకు ఫ్యాను సంగతి ముందే తెలుసు కాబట్టి, చెయ్యి కడుక్కునేదాకా ఆగి నిలదీసింది. చోటు చాలలేదని, అంచులు తీశానని, అందులో బుడ్డల తీగ కూడా పోయిందని చెప్పాడు. తంగేడు మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె దగ్గర దాచిన మాటలు ఆయనకు పెద్దగా లేవు. 

"హేమాకు ఫోన్ చెయ్యి. నీకు చేతగాకుంటే నేనే చేస్తా" అంది సుబ్బలక్ష్మమ్మ.

హేమలత గంగాధరప్ప తమ్ముడి కూతురు. అనంతపురంలో ఒక కాలేజీలో పిల్లలకు కంప్యూటర్ చెబుతుంది. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. వచ్చీ రాగానే పెద్దమ్మ పెట్టిన ఉగ్గాని తిని, కంప్యూటర్ ముందు కూర్చుని, డిస్కు లోపల ఏది ఎంత చోటు తింటోందో చూసింది. 

"పెద్దనాయనా, ఈ మూల అట్టలంటే ఏంది?"

గంగాధరప్ప చెప్పాడు. హేమలత నవ్వు పెదాల దాకా వచ్చింది కానీ పెద్దనాయన ముఖం చూసి మింగేసింది. "ఇవన్నీ ఇన్‌స్టాలర్లు, పాత విండోసులు. డిస్కులో సగానికి పైగా ఇవే ఉండాయి. ఇవి తీసేస్తే నీకు ఎంత చోటంటే అంత చోటు. వీటితో ఇంగ పని లేదు."

"వీరేషు కూడా అదే అనె. పని లేకుంటే అప్పుడు ఏంటికి తెచ్చినారు? అట్టలు లేకుండా మగ్గం ఆడిచ్చేది యాడన్నా చూసినావా నువ్వు?"

"పెద్దనాయనా, ఇది మగ్గం కాదు..."

"అన్నీ మగ్గాలే. నాకు చెప్పొద్దు."

హేమలత ఎన్ని విధాల చెప్పినా ఆయన ఆ ఒక్క మాట దగ్గరే కూర్చున్నాడు. కాలేజీలో పిల్లలకు చెప్పినంత ఓపికగా చెప్పింది, తర్వాత కొంచెం ఓపిక తగ్గించి చెప్పింది. గుమ్మంలో కూర్చుని శెనక్కాయలు ఒలుస్తున్న సుబ్బలక్ష్మమ్మ ఇదంతా వింటూ ఉంది. చేటలోంచి తలెత్తకుండానే అంది.

"ఏమయ్యా, చీర నేసి మగ్గం మీద నుంచి కోసినాక, ఆ అట్టలు పీకేస్తే చీర చినుగుతాదా?"

గంగాధరప్ప ఆమె వైపు తిరిగాడు. "చినగదు. ఏంటికి చినుగుతాది?"

"మల్ల ఆ యమ్మి చెప్పేదీ అదే కదా. నేసేది అయిపోయింది. నువ్వు ఇప్పుడు వాడుకునేది చీర."

ఆయన కాసేపు తెర వైపు చూశాడు. కంప్యూటర్ను మగ్గమనుకున్నాడు ఇన్నాళ్ళూ. అది నేసి కోసిన చీర అయ్యుండవచ్చని ఒక్కసారి కూడా తోచలేదు. అయినా అంత తేలిగ్గా ఒప్పుకునే ఘటం కాదు.

"రేపు ఇది చెడిపోతే? మల్ల నేయాలంటే అట్టలు కావద్దా?"

"కావల్ల" అంది హేమలత, పెద్దమ్మ ఇచ్చిన దారం పట్టుకుని. "కానీ ఈ అట్టలు ఊరూరా ఉండాయి పెద్దనాయనా. ఎప్పుడు కావాలంటే అప్పుడు నెట్‌లో నుంచి దించుకోవచ్చు, వీరేషన్న కాడ కూడా ఉంటాయి. నువ్వు తీసేసిన అంచులకే ఇంకోచోట అట్టలు లేవు."

ఆ మాట ఆయనకు తగలవలసిన చోట తగిలింది. అందరి దగ్గరా దొరికేవాటిని దేవుడి గదిలో పెట్టినట్టు పెట్టుకుని, లోకంలో తన దగ్గర తప్ప ఎక్కడా లేనివాటిని ఒక్కొక్కటే పారేసుకున్నాడు. గంగాధరప్ప కుర్చీ వెనక్కి జరిపి, "తియ్యి" అన్నాడు.

హేమలత తొందరపడలేదు. పాత విండోసుల్లో ఆయన ఫైళ్ళేమైనా ఉండిపోయాయేమోనని ఒక్కొక్కటీ తెరిచి చూసింది. గంగాధరప్ప కూడా తెర మీదికి వంగి చూశాడు, తంగేడు అందులోనైనా ఉందేమోనని. ఏమీ లేవు. ఆ తర్వాత క్లీనప్‌లో వాటికి టిక్కు పెట్టి, మూల అట్టల ఫోల్డరును కూడా నేరుగా తీసేసింది. తీసేముందు పెద్దనాయన రెండు చేతులూ జోడించి తెరకు దండం పెట్టడం చూసి, ఈసారి నవ్వు ఆపుకోలేకపోయింది. ఎర్ర గీత సగానికి పైగా వెనక్కి తగ్గి నీలంగా మారింది. కంప్యూటర్ పడిపోలేదు. ఫ్యాను తిరిగినట్టే తిరిగింది.

"ఈ రీసైకిల్ బిన్ కూడా నిండింది. ఖాళీ చేసేస్తా" అంటూ హేమలత దాన్ని తెరిచింది.

తెర నిండా పేర్లు. జొన్నకంకి. హంసల వరుస. రుద్రాక్ష కొమ్మ.

"ఆగమ్మా!" గంగాధరప్ప లేచి నిలబడ్డాడు. "ఇవి... ఇవి నలిగిపోలేదా?"

"యాడ నలుగుతాయి పెద్దనాయనా? అది ఊరికే బొమ్మ. బుట్టలో వేసినవి వేసినట్టే ఉంటాయి. అందుకే నువ్వు ఎన్ని తీసినా చోటు రాలేదు. బుట్ట కూడా ఇదే డిస్కులో కదా ఉండేది. నువ్వు ఖాళీ చెయ్యకపోవడమే మేలయింది." హేమలతకు ఆశ్చర్యంగా ఉంది. "అందరూ ముందు అదే చేస్తారు. నువ్వెందుకు చెయ్యలేదు?"

"ఏరు పారలేదు కదమ్మా మీ పెద్దనాయనకు" అంది సుబ్బలక్ష్మమ్మ గుమ్మంలోంచి.

ఒక్కొక్కటీ వెనక్కి తెచ్చారు. గంగాధరప్ప పేరు పేరునా పలకరించాడు, తప్పిపోయిన మేకలు దొడ్లోకి వస్తుంటే పలకరించినట్టు. బుడ్డల తీగ వచ్చింది. పెద్దది చేసి చూస్తే కాయలు, పసుప్పూలు, తీగ మలుపు అన్నీ ఉన్నాయి. ఆయన సంతోషం పట్టలేక హేమలత తల నిమిరాడు. ఆ తర్వాత మళ్ళీ పేర్ల వైపు తిరిగి పైనుంచి కిందికి చూశాడు. కిందినుంచి పైకి చూశాడు.

"ఇంగేం వెతుకుతాండావు?" అంది హేమలత.

"ముందు తీసింది... అది కనపడలేదు."

హేమలత కూడా వెతికింది. చివరికి చెప్పింది. "బుట్టకు కూడా ఒక కొలత ఉంటాది పెద్దనాయనా. అది దాటితే అన్నిటికన్నా ముందు వేసినదాన్ని కంప్యూటరే పారేస్తాది. ఎన్నో వేసినావు కదా, మొదటిది పోయినట్టుంది. ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తా." పెట్టి చూసింది. ఏవో ముక్కలు వచ్చాయి, తెరుచుకోలేదు.

గుమ్మంలో శెనక్కాయల చప్పుడు ఆగింది. "ముందు దేన్ని తీసినావు?" అంది సుబ్బలక్ష్మమ్మ.

గంగాధరప్ప ఆమె వైపు చూడలేదు. "నీదే."

"నాదేంది?"

"తంగేడు అంచు."

చేట పక్కన పెట్టి ఆమె లేచి వచ్చింది. "ఏంటికి?"

"ఎవురూ అడగరు కదా అని."

"ఎవురికీ ఇయ్యనని నువ్వే కదా అంటివి. మల్ల ఎవురడుగుతారు?"

 ఆమె అరిచినా బాగుండేది. అరవకుండా లోపలికి పోయింది. ట్రంకు పెట్టె మూత తీసిన చప్పుడు వినిపించింది. హేమలత ఏదో అనబోతే, గంగాధరప్ప వద్దని చెయ్యి ఊపాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తప్పు చేసిన బాధ కన్నా, తప్పు చేసేటప్పుడు అది న్యాయమనుకున్నందుకు ఎక్కువ బాధగా ఉంది. పరాయివాళ్ళవి కాపాడుదామని ఇంటిమనిషిది ముందు తీశాడు.

సుబ్బలక్ష్మమ్మ చీరతో వచ్చింది. మడతలు రంగు వెలిసి ఉన్నాయి, కలరా ఉండల వాసన. కంప్యూటర్ బల్ల మీద కీబోర్డు నెట్టి అంచు పైకి వచ్చేలా పరిచింది. తంగేడు పూలు జరీలో ఇంకా పచ్చగానే ఉన్నాయి.

"అట్టలు పోతే చీర చినగదని చెప్పింది నేనే కదా" అంది. "పోగులెంచుకో."

గంగాధరప్ప సొరుగులోంచి పోగులు ఎంచే అద్దం తీశాడు. అంచు మీద పెట్టి, దాని మీదికి వంగి, ఒక్కొక్క పోగే ఎంచుతూ పోయాడు. ఆయన చెబుతుంటే హేమలత తెర మీద గళ్ళు పూరించింది. బస్సు వేళకు ఆమె లేచిపోయాక, ఆయనే ఎంచి ఆయనే పూరించాడు. మధ్యమధ్యలో అద్దం తుడుచుకుంటూ, అద్దం మసకబారిందని పైకే అన్నాడు. సుబ్బలక్ష్మమ్మ ఆ రోజంతా ఆయనతో ముక్తసరిగానే మాట్లాడింది. మజ్జిగ మాత్రం వేళకు తెచ్చి పెట్టింది.

చెప్పిన వారానికి రామాంజినమ్మ వచ్చింది. వస్తూనే నెత్తిమీది ఫ్యాను వైపు చూసి, "ఈ పొద్దు కరెంటు బాగుండాదా అన్నా?" అంది. గంగాధరప్ప సిగ్గుపడి నవ్వాడు. కాగితం మీద తీసిన బుడ్డల తీగ ఆమె ముందు పెట్టాడు. ఆమె తన ముక్కను దాని పక్కన పెట్టి, వేలితో తీగ వెంట పోయింది. మేక తిన్న చోటు దాకా వచ్చి, అక్కడి నుంచి కాగితం మీద ఇంకా ముందుకు పోయింది. "ఇదేన్నా. ఇదే" అంది.

పోబోతూ తెర వైపు చూసి ఆగింది. తంగేడు అంచు పూర్తయి, పెద్దదిగా, తెరనిండా ఉంది.

"ఇదేందన్నా? తంగేడు కదా? అబ్బా, ఎంత బాగుండాది! మా కూతురు సరళకు ఇది నేయిస్తా. ఇది కూడా కొట్టియ్యి."

గంగాధరప్ప నోటికి అలవాటైన మాటే వచ్చింది. "అది ఎవురికీ ఇచ్చేది కాదమ్మా. అది మా..."

"ఇయ్యి."

సుబ్బలక్ష్మమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. గంగాధరప్ప సరిగా వినలేదేమో అన్నట్టు ఆమెకేసి చూశాడు.

"ఇయ్యంటాండా కదా. ఆ పాప కట్టుకుంటే ఇంకొకరు చూస్తారు, వాళ్ళు వచ్చి అడుగుతారు. అడిగేదాన్ని నువ్వు తియ్యవు" అంది. "నా ఒక్కదాని కోసరమైతే మల్ల తీసేస్తావు."

 గంగాధరప్ప లేచి, కొత్త అట్టలు తీసి బెజ్జాల మిషనులో పెట్టాడు. బెజ్జాలు పడే చప్పుడు మొదలైంది. రామాంజినమ్మ అరుగు మీదే కూర్చుండిపోయింది, సుబ్బలక్ష్మమ్మ ఆమె పక్కకు వచ్చి, మేక ఈనిందా అని అడిగింది.